బందరు పూలగుడ్డ... దొరసానుల దర్జా!

కట్టుకుంటే జరిమానా. అమ్మితే ఇంకా పెద్ద జరిమానా. దొంగచాటుగా తెచ్చి పట్టుబడితే ఓడల్లో వెట్టిచాకిరీ. ఇదంతా ఏ వజ్రాల గురించో, బంగారం గురించో కాదు. ఉతికినా రంగు పోని ఓ నూలు గుడ్డ గురించి. అది తయారైంది మన కృష్ణా, గోదావరి తీరాల్లో!

అది 1722. డిసెంబరు 25. క్రిస్మస్ నాటి నుంచి ఇంగ్లాండులో ఓ చిత్రమైన చట్టం అమల్లోకి వచ్చింది. రంగురంగుల పూలు అద్దిన నూలు గౌను వేసుకుని ఎవరైనా కనిపిస్తే అయిదు పౌండ్ల జరిమానా. ఆ గుడ్డ అమ్మిన దుకాణదారుకైతే ఇరవై పౌండ్లు. అప్పట్లో లండన్‌లో ఇంటిపని చేసే అమ్మాయి ఏడాదంతా చాకిరీ చేస్తే వచ్చే జీతం ఇంచుమించు ఆ అయిదు పౌండ్లే. పైగా ఆ జరిమానా సొమ్ము పట్టిచ్చినవాళ్లకే! అంటే, పక్కింటావిడ మీద కోపం ఉంటే తీర్చుకోవడానికి ఆవిడ ఒంటిమీది గౌను చాలన్నమాట.

ఇంతకీ ఆ గుడ్డ ఏమిటి? ఇంగ్లిషువాళ్లు దాన్ని 'చింట్జ్' అన్నారు. డచ్చివాళ్లు 'సిట్స్' అన్నారు. ఫ్రెంచివాళ్లు ఏకంగా 'ఇండియెన్' అనేశారు. హిందీలో ఛీంట్ అంటే చుక్క, చిలకరింపు... అదే సముద్రాలు దాటి చింట్జ్ అయింది. మన అమ్మమ్మలు 'చీటి గుడ్డ', 'చీటి పరికిణీ' అనేవారే, ఆ చీటి కూడా ఈ చుట్టమే. పండక్కి ఆడపిల్లకు కుట్టించే ఆ పూల పరికిణీ గుడ్డ కోసం రెండు దేశాలు చట్టాలు చేశాయంటే నమ్మడం కాస్త కష్టమే.

గుజరాత్‌లోనూ బుర్హాన్‌పూర్‌లోనూ కూడా అద్దకం ఉండేది. కానీ మేలురకం అంటే కోరమండల్ తీరానిదే. అందులోనూ గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోని మచిలీపట్నం, నిజాంపట్నం, పాలకొల్లు చుట్టుపక్కల తయారైన సరుకుకు పెట్టింది పేరు. గోల్కొండ అనగానే అందరికీ వజ్రాలే గుర్తొస్తాయి. అయితే 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వెతుక్కుంటూ వచ్చి నిజాంపట్నంలో, బందరులో కొట్లు తెరిచింది ముఖ్యంగా గుడ్డల కోసం!

వేరులో ఉంది ఎరుపు

యూరప్‌లో అప్పటికి ఉన్నవి ఉన్ని, నార, పట్టు బట్టలు. ఉన్నినీ పట్టునూ రంగులో ముంచి తీయడం వాళ్లకు బాగానే వచ్చు. తెల్లని నూలు మీద కావాల్సిన చోట కావాల్సిన రంగును, అదీ నీళ్లలో పడ్డా చెదరకుండా నిలపడం మాత్రం రాదు. రంగు పూసి బొమ్మలు వేసేవారు కానీ ఉతికితే అంతా ఒకటైపోయేది. అలాంటి చోటికి తేలికగా, మెత్తగా, ఉతికినకొద్దీ మెరిసే గుడ్డ వచ్చి పడితే ఎలా ఉంటుంది?

ఆ మెరుపు గుట్టు చిరివేరు. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. సన్నటి తీగల్లాంటి దాని వేళ్లలోంచి ఎరుపు రంగు వస్తుంది. 1618-22 మధ్య బందరులో ఇంగ్లిషు కంపెనీ తరఫున పనిచేసిన విలియం మెథ్వోల్డ్ దీని గురించి మురిసిపోతూ రాశాడు. గుడ్డ చిరిగిపోయేదాకా రంగు పోదనీ, అందుకు కారణం ఈ దేశంలోనే పెరిగే ఆ మొక్కేననీ అతని మాటల సారాంశం. గవ్వలూ ఆల్చిప్పలూ అరిగి కలిసిన ఆ నేలలో సున్నం పాలు ఎక్కువ కావడం వల్లే అంత ఎరుపు వస్తుందని ఇప్పటి నిపుణులు చెబుతారు. తర్వాతి కాలంలో సామర్లకోటలో ఉండి మొక్కల మీద పరిశోధన చేసిన విలియం రాక్స్‌బరో కూడా 1795లో అచ్చయిన తన పుస్తకం మొదటి పేజీల్లోనే చిరివేరుకు చోటిచ్చాడు.

వేరొక్కటీ ఉంటే చాలదు. అసలు పనితనమంతా ఆ తర్వాతే. ముందు గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి తెల్లగా చేయాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. అవుట్‌లైను గీయడానికి నల్లరంగు... తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ కలిపి ఊరబెట్టి చేసేది. ఇక ఎరుపు దగ్గర ఉంది తమాషా. కళాకారుడు పువ్వు మీద ఎరుపు పూయడు! పటిక నీళ్లు పూస్తాడు. అప్పుడు చూస్తే అక్కడ పెద్దగా ఏమీ కనిపించదు. ఆ గుడ్డను చిరివేరు వేసిన నీళ్లలో ఉడికిస్తే, పటిక ఉన్న చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట పట్టిన లేతరంగు మళ్లీ పేడనీళ్లకూ ఎండకూ వదిలిపోతుంది. పటిక పలచనైతే గులాబీ, చిక్కనైతే ముదురెరుపు. నీలం కావాలంటే ఇంకో తంతు. నీలం వద్దనుకున్న చోటంతా కరిగించిన మైనంతో కప్పేసి నీలిమందు తొట్టిలో ముంచాలి. తర్వాత వేడినీళ్లలో మైనం వదిలించాలి. ఆకుపచ్చ అంటే నీలం మీద పసుపు రంగు పూయడమే. (మ్యూజియాల్లోని పాత గుడ్డల్లో ఆకులు చాలాచోట్ల నీలంగా కనిపించేది అందుకే. పసుపు కాలక్రమంలో ఎగిరిపోయింది.)

ఇన్నిసార్లు ఉడకబెట్టి, ఉతికి, ఆరేసి... ఒక్క మంచం దుప్పటికి నెలలు పట్టేది. చేతిలో పనిముట్టు ఏమిటయ్యా అంటే వెదురు పుల్ల. చివర చుట్టిన ఉన్ని రంగును పీల్చుకుంటే, వేళ్లతో నొక్కుతూ గీయడమే. డచ్చి కంపెనీలో పనిచేసిన డేనియల్ హావర్ట్ 1693లో వేసిన పుస్తకంలో పాలకొల్లు అద్దకంవాళ్ల గురించి రాశాడు. వాళ్ల పని నత్త నడకలా సాగుతుందట. సహనానికి ఎవరైనా బొమ్మ గీయాలనుకుంటే పాలకొల్లు చిత్రకారుణ్ని చూసి గీస్తే చాలని అతని చమత్కారం. మెచ్చుకోలో, సరుకు చేతికి రావడం లేదన్న విసుగో మరి... రెండూ కావచ్చు!

దొరల కన్నా ముందు

తెల్లవాళ్లు వచ్చాకే ఈ గుడ్డకు హోదా వచ్చిందనుకుంటే పొరపాటు. 1630, 40ల్లో గోల్కొండ రాజ్యంలో తయారైన పెద్దపెద్ద పరుపు గుడ్డలు ఇప్పుడు న్యూయార్క్, సిన్సినాటి, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. దర్బారు మనుషులూ, మద్యం పాత్రలూ, పక్షులూ, పూలచెట్లూ కిక్కిరిసిపోయి ఉంటాయి వాటి మీద. రాజస్థాన్‌లోని అంబర్ రాజుల ఖజానా గదుల్లో భద్రపరిచిన సరుకు అది. తివాచీల్లా నేలమీద పరిచేవి కదా అని తక్కువగా చూడకుండా లెక్కలు రాసి మరీ దాచుకున్నారు.

బందరు రేవు నుంచి పర్షియాకూ ఓడలు వెళ్లేవి. వజ్రాల వ్యాపారి టావెర్నియర్ తన యాత్రా కథనంలో గోల్కొండ రాజ్యపు, ముఖ్యంగా మచిలీపట్నపు అద్దకపు గుడ్డల ప్రస్తావన తెస్తూ వాటిని 'కలమ్‌దార్' అన్నాడు. కలంతో చేసినవి అని. మన కలంకారీ మాటకు మూలం అదే.

అన్నిటికన్నా చిత్రం సయాం... ఇప్పటి థాయ్‌లాండ్. అయుత్తయ రాజులు తమకు కావాల్సిన దేవతల బొమ్మలూ, జ్వాలల అంచులూ గీయించి పంపి, కోరమండల్ తీరంలో అచ్చంగా అలాగే అద్దించుకునేవారు. ఆ గుడ్డను రాజు కొలువులోని ప్రభువులకు బహూకరించేవాడు. ఎవరు ఎలాంటిది కట్టాలో హోదాను బట్టి ఉండేది. అంటే అక్కడ మనిషి నడుముకు చుట్టుకున్న గుడ్డ చూసి పదవి చెప్పేయొచ్చు. దాన్ని అద్దినవాళ్లకు ఆ దేవతల పేర్లయినా తెలుసో లేదో!

అద్దె గౌనులో పెద్దమనిషి

యూరప్‌లో మొదట్లో ఈ గుడ్డకు అంత మర్యాదేం దక్కలేదు. దుప్పట్లకూ గోడల మీద వేలాడదీయడానికీ వాడేవారు. 1643లో లండన్ నుంచి కంపెనీ పెద్దలు సూరత్‌కు రాసిన ఉత్తరంలో ఓ ఫిర్యాదు ఉంది. దుప్పట్లన్నీ ముదురెరుపు నేల మీద వస్తున్నాయి, మా వాళ్లకు నచ్చడం లేదు, తెల్ల నేల ఎక్కువ ఉంచి మధ్యలో పూలూ కొమ్మలూ వేయించండి అని. ఆ తర్వాత నమూనా బొమ్మలు కూడా గీయించి పంపడం మొదలెట్టారు. అలా మలుపులు తిరిగిన కొమ్మలతో, ఒకే చెట్టుకు పది రకాల పూలు పూసిన 'జీవవృక్షం' పుట్టింది. ఇంగ్లిషువాడు భారతీయత అనుకుని గీసిన బొమ్మను, మనవాడు ఇంగ్లిషు అలంకరణ అనుకుని అద్దాడు. రెండూ కాని ఆ చెట్టే చివరికి లోకమంతా ఇష్టపడింది.

నూలు గుడ్డ గోడ దిగి ఒంటి మీదికి ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు. లండన్‌లో నౌకాదళ కార్యాలయ అధికారి శామ్యూల్ పెపిస్ రోజూ డైరీ రాసేవాడు. 1663 సెప్టెంబరులో భార్య చదువుకునే గది గోడలకు వేయించడానికి చింట్జ్ కొన్నానని రాసుకున్నాడు. మూడేళ్ల తర్వాత తన నిలువెత్తు దర్జా పదికాలాలు నిలవాలని బొమ్మ గీయించుకున్నాడు. అందులో అతను వేసుకున్నది 'ఇండియన్ గౌను'. అంటే తూర్పుదేశాల తరహాలో వదులుగా ఉండే పైగౌను. అప్పట్లో నూలువీ పట్టువీ అన్నిటినీ ఆ పేరుతోనే పిలిచేవారు. ఆ బొమ్మ ఇప్పటికీ లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. సంగతేమిటంటే... ఆ గౌను అతనిది కాదు. బొమ్మ కోసం అద్దెకు తెచ్చుకున్నాడు! ఆ మాటా డైరీలో దాచకుండా రాసేశాడు.

పారిస్‌లోనూ అదే పిచ్చి. 1670లో మోలియేర్ రాసిన 'ల బూర్జువా జాంటియొమ్' నాటకంలో కథానాయకుడు జూర్డెయిన్ గారు బట్టల వర్తకుడి కొడుకు. డబ్బుంది, వంశం లేదు. ఎలాగైనా గొప్పింటివాడు అనిపించుకోవాలని ఆరాటం. అందుకని ఇండియెన్ గౌను కుట్టించుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంటాడు. పెద్దమనుషులు పొద్దున పూట ఇలాంటివే వేసుకుంటారని దర్జీ చెప్పాడట! ఆ నాటకం తొలి ప్రదర్శన పద్నాలుగో లూయీ ఎదుటే జరిగింది. రాజుగారి కొలువంతా కడుపుబ్బ నవ్వుకుని ఉంటుంది. పదహారేళ్ల తర్వాత అదే రాజు ఆ గుడ్డ మీద నిషేధం పెట్టాడు.

అమ్మగారెవరు... పనిమనిషెవరు?

ఎందుకు? నవ్వుకున్నంతసేపూ బాగానే ఉంది కానీ, జూర్డెయిన్లు ఒకరిద్దరు కాదు... వీధివీధికీ తయారయ్యారు. అసలు గొడవంతా ఇక్కడే.

అప్పటిదాకా యూరప్‌లో బట్టను చూస్తే మనిషి అంతస్తు తెలిసిపోయేది. జరీ పట్టు ప్రభువులది. మేలురకం ఉన్ని వర్తకులది. ముతక ఉన్ని, నార పనివాళ్లవి. పట్టుచీరలాంటి గౌను కొనాలంటే పనిమనిషికి జన్మలో కుదరదు. చింట్జ్ వచ్చి ఈ మెట్లన్నీ కలిపేసింది. ఇందులో రాణులు కట్టే మేలురకం ఉంది. సగటు రకం ఉంది. చౌకరకమూ ఉంది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అన్నీ పూలే!

కంపెనీ వ్యాపారులకు ఇది బాగా తెలుసు. 1682లో ఇండియా నుంచి రెండు లక్షల కుట్టిన లోగౌన్లకు ఆర్డరు పెడుతూ, నావికులకూ సామాన్యులకూ ముతకవి, నగరంలోని మధ్యతరగతికి మధ్యరకం, దొరసానులకు నాజూకువి అని విడమరిచి రాశారు. మనం ఇప్పుడు షాపింగ్ మాల్‌లో ఒక్కో అంతస్తులో ఒక్కో ధర చూస్తామే, ఆ లెక్క అప్పటికే వాళ్ల చేతిలో ఉందన్నమాట. 1684లో ఇంగ్లిషు కంపెనీ దిగుమతి చేసుకున్న భారతీయ గుడ్డలు పది లక్షల తానులు దాటాయి.

'రాబిన్సన్ క్రూసో' రాసిన డేనియల్ డెఫో నవలాకారుడు కాకముందు పత్రికా రచయిత. 1708లో తన పత్రికలో ఈ గుడ్డ మీద విరుచుకుపడ్డాడు. ఒకప్పుడు పిల్లలకో సామాన్యులకో సరిపోతుందనుకున్న గుడ్డ ఇప్పుడు గొప్పింటి స్త్రీల ఒంటి మీదికెక్కిందనీ, రాణిగారే కట్టుకుని కనిపించారనీ, తెరలూ దిండ్లూ కుర్చీలూ చివరికి పడకలూ అన్నీ ఇదే అయిపోయాయనీ వాపోయాడు. ఈ రాణిగారు 1689 నుంచి 1694 దాకా ఏలిన రెండో మేరీ. హాలండ్‌లో కాపురం చేసి వచ్చిన ఆవిడకు ఈ పూలంటే ప్రాణం.

అమ్మగారు పైనుంచి దిగి వచ్చి ఈ గుడ్డ కట్టారు. పనిమనిషి కింది నుంచి ఎక్కి వచ్చి ఈ గుడ్డే కట్టింది. ఇద్దరూ మధ్యలో కలుసుకున్నారు. అప్పటి కరపత్రాల నిండా ఇదే రుసరుస... వీధిలో వెళుతుంటే యజమానురాలెవరో పనిమనిషెవరో తెలియడం లేదని! నేతగాళ్ల ఉపాధి పోతోందన్న మాట నిజమే. కానీ చట్టసభల్లో కూర్చున్న పెద్దలకు ఆకలి కేకల కన్నా ఈ రెండో సంగతే ఎక్కువ గుచ్చుకున్నట్టు కనిపిస్తుంది.

సిరా చల్లారు... ఆసిడ్ పోశారు

1697లో లండన్ పట్టు నేతగాళ్లు ఈస్టిండియా కంపెనీ భవనం మీదికే దండెత్తారు. 1700లో పార్లమెంటు దిగివచ్చింది. ఇండియా, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకపు నూలు గుడ్డల్ని ఇంగ్లాండులో వాడకూడదని చట్టం చేసింది. తెచ్చి వేరే దేశాలకు అమ్ముకోవచ్చు. కంపెనీకి నష్టం రాకూడదు కదా!

చట్టంలో ఓ సందు ఉండిపోయింది. తెల్లగుడ్డ తేవడం తప్పు కాదు. దాంతో మన తెల్లనూలు తెప్పించి లండన్‌లోనే అద్దడం మొదలెట్టారు. దొంగచాటుగా వచ్చే అసలు సరుకు ఎలాగూ ఉంది. పూల గౌన్లు తగ్గలేదు సరికదా, పెరిగాయి. నేతగాళ్ల ఇళ్లలో మగ్గాలు ఆగిపోయాయి.

1719 జూన్‌లో కోపం కట్టలు తెంచుకుంది. స్పిటల్‌ఫీల్డ్స్ నుంచి సుమారు నాలుగు వేలమంది నేతగాళ్లు లండన్ వీధుల్లోకి వచ్చారు. ఈసారి వాళ్ల గురి కంపెనీ కాదు. పూల గౌను కనిపిస్తే చాలు, ఆ ఆడమనిషి మీద సిరా చల్లారు. ఆసిడ్ పోశారు. ఒంటి మీది బట్టల్ని చించేశారు. సైన్యాన్ని దించితే కానీ అల్లరి అదుపులోకి రాలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం ఒంటరిగా దొరికినవాళ్ల మీద దాడులు ఆగలేదు. హోక్స్‌టన్ దగ్గరి పొలాల్లో ఒకామె గౌనునూ లోపలి లంగానూ కోసి, లాగి, బూతులు తిట్టి అక్కడే వదిలేసి పోయారు. 'కాలికో ఛేజర్స్'... గుడ్డను తరిమేవాళ్లు అని వీళ్లకు పేరు కూడా వచ్చింది.

ఆకలితో ఉన్నవాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గదే. అయితే ఆసిడ్ ఎవరి మీద పడిందో కూడా చూడాలి. గుర్రపు బగ్గీలో తిరిగే దొరసాని మీద కాదు... నడిచి వెళ్లే ఆడవాళ్ల మీద.

1721లో రెండో చట్టం వచ్చింది. మనం మొదట చెప్పుకున్నది అదే. ఈసారి తేవడమే కాదు, కట్టుకోవడమూ నేరమే. మస్లిన్‌కూ పూర్తిగా నీలంలో ముంచిన గుడ్డకూ మినహాయింపు ఇచ్చారు. పువ్వుంటేనే తప్పు!

ఫ్రాన్సులో డెబ్భై మూడేళ్లు

ఫ్రాన్సు ఇంకా మొండిగా పోయింది. 1686లో పెట్టిన నిషేధం 1759 దాకా నడిచింది. మధ్యలో దాదాపు ఎనభై ఉత్తర్వులు! ఒక్క ఉత్తర్వుతో పని జరిగి ఉంటే ఎనభై ఎందుకు అవసరమవుతాయి? జరిమానాలు, సరుకు తగలబెట్టడం, దొంగరవాణాదారులకు ఓడల్లో తెడ్లు వేసే శిక్ష, ఆయుధాలతో ముఠా కట్టి తెస్తే మరణదండన... ఏదీ పనిచేయలేదు. రికార్డుల్లో పట్టుబడ్డట్టు కనిపించేవాళ్లు ఎక్కువగా చిల్లర వర్తకులూ, చేతిపనులవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లూ. కోటల్లోకి తనిఖీకి వెళ్లే ధైర్యం ఎవరికుంది! పదిహేనో లూయీ ప్రియురాలు మదామ్ ద పాంపడూర్ ఉండే బెల్వ్యూ కోటలో తెరలూ కుర్చీల తొడుగులూ నిషేధించిన గుడ్డతో చేసినవేనని ఆనాటివాళ్లు రాసిపెట్టారు. నిషేధం ఆ గుడ్డకు కొత్త విలువ తెచ్చింది. అది ఇంట్లో ఉందంటే డబ్బున్నట్టే కాదు, పోలీసులు తలుపు తట్టలేనంత పలుకుబడి కూడా ఉన్నట్టు.

మిసెస్ గారిక్ ఎందుకు ఏడ్చింది?

డేవిడ్ గారిక్... 18వ శతాబ్దపు ఇంగ్లిషు నాటకరంగంలో మకుటంలేని మహారాజు. కలకత్తాలో ఉండే ఇంగ్లిషువాళ్లు నాటకశాల పెట్టుకుంటే సలహా సాయాలు చేశాడు. కృతజ్ఞతగా వాళ్లు గారిక్ దంపతులకు చింట్జ్ తెరలూ దుప్పట్లూ పంపారు. పరదాలూ, మంచానికి నాలుగువైపులా వేలాడే తెరలూ అన్నీ తెల్ల నేల మీద పూలకొమ్మలతో. అద్దింది మచిలీపట్నంలో.

1775లో కస్టమ్స్ అధికారులు వాటిని పట్టుకుపోయారు. అంతకుముందు ఏడాదే, అంటే 1774లో, ఇంగ్లాండులోనే తయారైన అద్దకపు నూలుకు అనుమతి ఇచ్చారు కానీ ఇండియా సరుకు మీద నిషేధం అలాగే ఉంది. గారిక్ ఊరుకుంటాడా! ఖజానా శాఖలోని పెద్ద అధికారికి ఓ ఉత్తరం రాశాడు. తన భార్య ఏడుపు ఆపడం లేదని మొదలెట్టి, పిల్లల కోసమా అంటే వాళ్లకు పిల్లల్లేరనీ, మొగుడి కోసమా అంటే ఈ రోజుల్లో భార్యలు అంత బెంగపడటం లేదనీ, మరి ఎందుకంటే చింట్జ్ మంచం తెరలు పోయినందుకనీ చమత్కరించాడు. ఎంత పేరున్న మనిషైనా కస్టమ్స్ ముందు బతిమాలక తప్పలేదు. మొత్తానికి ఆ తెరలు మళ్లీ ఇంటికి చేరాయి. చిప్పెండేల్ సంస్థ చేసిన ఆకుపచ్చ, తెలుపు రంగుల మంచం, దానికి వేలాడే బందరు తెరలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మంచం చేసిందెవరో తెలుసు. పడుకున్నదెవరో తెలుసు. తెరలు అద్దిన చేతులెవరివో మాత్రం తెలియదు.

డబ్బా అడుగున ముక్కలు

హాలండ్‌లో నిషేధం రాలేదు. అక్కడ ఈ గుడ్డ ఊరి ఆచారంలో కలిసిపోయింది. ఉత్తరాన హిండెలోపెన్ అని ఓ చిన్న రేవు ఊరు. అక్కడి ఓడల యజమానుల ఇళ్లలో ఆడవాళ్లు కోరమండల్ చింట్జ్‌తో కుట్టిన పొడవాటి పైకోట్లు వేసుకునేవారు. సంబరాలకు ఎరుపు పూలు. చావు జరిగిన ఇంట్లో నీలం-తెలుపు. అందువల్ల గౌను చూస్తే ఇంటి స్థితే కాదు, ఇంట్లో ఏం జరిగిందో కూడా తెలిసేది. గోదావరి జిల్లాలో నీలిమందు తొట్టిలో ముంచిన గుడ్డ అక్కడెక్కడో సముద్రపు ఒడ్డున విధవరాలి మైలబట్ట అయిందంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

జపాన్ కథ ఇంకా ముచ్చటైనది. డచ్చి ఓడల్లో అక్కడికి వెళ్లిన మన గుడ్డను 'సరస' అన్నారు. సరుకు తక్కువ, మోజు ఎక్కువ. కాబట్టి గజాల్లో కాదు, అంగుళాల్లో వాడేవారు. తేనీటి వేడుకలో వాడే పాత్రలకు చిన్న సంచులు కుట్టేవారు. ఎదో కాలంలో వర్తకులు ఆడంబరంగా బట్టలు కట్టకూడదని ఆంక్షలు ఉండేవి. దాంతో పైకి మామూలు బట్ట వేసుకుని, లోపలి అస్తరుకు ఖరీదైన గుడ్డ వేయించుకునేవారు. చెయ్యెత్తినప్పుడు తళుక్కున కనిపిస్తే చాలు, చూడాల్సినవాళ్లు చూస్తారు! హికోనె ప్రాంతాన్ని ఏలిన ఈ వంశస్థులు అయితే ఒక్కో రకం నుంచి ఒక్కో ముక్క చొప్పున 450 ముక్కలు భద్రపరిచారు. అవి ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి.

మర వచ్చింది... మర్యాద పోయింది

నిషేధాల కాలంలో యూరప్ ఊరికే కూర్చోలేదు. మనవాళ్ల పనిని చూసి, రాసుకుని, నేర్చుకుంది. పాండిచ్చేరి ప్రాంతంలో ఉన్న జెస్యూట్ ఫాదర్ కూర్డూ 1742లో అద్దకం ప్రతి దశనూ వివరిస్తూ ఫ్రాన్సుకు ఉత్తరం రాశాడు. కరక్కాయ, గేదెపాలు, పటిక, మైనం... ఏదీ వదల్లేదు. అంతకు కొన్నేళ్ల ముందే బోలియో అనే నౌకాదళ అధికారి ఒక్కో దశలో ఒక్కో ముక్క కోయించి మరీ పట్టుకెళ్లాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పారిశ్రామిక గూఢచర్యం. నిషేధం పోయిన మరుసటి ఏడాదే, 1760లో ఓబెర్‌కాంఫ్ వెర్సయిల్స్ దగ్గరి జూయీలో అద్దకం కర్మాగారం పెట్టాడు. 1752లో రాగి పలకలతో అద్దడం వచ్చింది. 1783లో రోలర్ యంత్రం వచ్చింది. పాలకొల్లు మనిషి నెలల తరబడి గీసే పువ్వును ఆ యంత్రం గంటలో వేలసార్లు గుద్దిపారేసింది.

మరి అందరికీ పూల గుడ్డ దొరికాక ఏమైంది? పైవాళ్లు ముఖం తిప్పుకున్నారు. నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్ 1851లో ఒక ఉత్తరంలో ఓ మస్లిన్ గురించి చెబుతూ 'చింట్జీ'గా ఉందని రాసింది. చౌకబారుగా ఉందని ఆమె భావం. ఆ మాట ఇంగ్లిషులో ఇప్పటికీ ఆ అర్థంలోనే ఉంది. రాణులు మోజుపడిన గుడ్డ పేరు ఒకటిన్నర శతాబ్దంలో తిట్టయి కూర్చుంది. పువ్వు మారలేదు, ఎరుపు మారలేదు.

మాంచెస్టరు గుడ్డ బందరుకే తిరిగి వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసి సుమారు ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకునేనాటికే అద్దకం చితికిపోయి ఉంది. కొంతకాలం ఇరాన్‌కు వెళ్లే అచ్చుల గుడ్డల మీద బతికింది. తర్వాత అదీ తగ్గింది. స్వాతంత్య్రం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ్ లాంటివాళ్లు పట్టుబట్టి చేతివృత్తులకు ఊపిరి పోసే పని పెట్టుకుంటే కలంకారీ మళ్లీ లేచింది. ఇప్పుడు కలంతో గీసే పని శ్రీకాళహస్తిలో ఉంది. బందరు పక్కనున్న పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది.

పెడనలో ఇప్పటికీ కరక్కాయా పాలూ కలిపిన నీళ్లలోనే గుడ్డ తడుస్తుంది. ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగే నల్లరంగు. పెద్ద రాగి గంగాళాల కింద కట్టెలు మండుతుంటాయి. చిరివేరు మాత్రం ఇప్పుడు అంతగా వాడరు, వేరే ఎర్రరంగులు వచ్చాయి. దుకాణాల్లో 'కలంకారీ' అని అమ్మే చౌకరకం చాలావరకు స్క్రీన్ ప్రింటో మిల్లు ప్రింటో. అచ్చు పని కావాలంటే పారే నీళ్లుండాలి, కాలవ పక్కన ఆరేయడానికి ఖాళీ జాగా ఉండాలి, ఎండ కాయాలి. ముసురు పట్టిందంటే అద్దకం ఆగిపోతుంది. ఎండ వచ్చాక మళ్లీ మొదలవుతుంది.